పళ్ళెం వేరు, పడక ఒకటే

దక్షిణాఫ్రికాలో నల్లవాళ్ళు తొలిసారి ఓటేసిన సంబరం ముగిసిన మరుసటి ఏడాది గుంటూరు నుంచి అక్కడికి వచ్చి స్టాంగర్‌లో ఒక ప్రభుత్వాసుపత్రిలో డాక్టరుగా చేరాను. హెపటైటిస్-బి గురించి జులూ దంపతులకు నేను చెప్పే పాఠం చూసి తీరాల్సిందే. రక్తం ద్వారా వస్తుంది, పడకలోనూ వస్తుంది. ఒకరికి ఉంటే రెండోవాళ్ళు పరీక్ష చేయించుకోవాలి. ఇంకా సోకకపోతే మూడు ఇంజెక్షన్లు వేయించుకోవాలి, అవి పూర్తయ్యేదాకా కండోమ్ వాడాలి. ఇదంతా గడగడా చెప్పి, రెండు వేళ్ళకు కండోమ్ తొడిగి మరీ చూపించేదాన్ని. మా జులూ సిస్టర్ వాళ్ళ భాషలో చెప్పేది. సిగ్గా? నాకా? డాక్టర్ని కదా!

ఒకరోజు చక్కెర మిల్లులో ఎలక్ట్రీషియన్ ఒకడు వచ్చాడు. రక్తదానానికి వెళ్తే ఈ వైరస్ బయటపడిందట. వెంట తల్లి, నాలుగు నెలల క్రితం కాపురానికొచ్చిన భార్య. ఆ పిల్లకూ పరీక్ష చేయించారు, ఇంకా సోకలేదు. అంటే ఆ మూడు ఇంజెక్షన్లు వేస్తే ఆమె గట్టెక్కుతుంది.

వాళ్ళ తాతముత్తాతలు చెరకు కొట్టడానికి విశాఖ వైపు నుంచి వచ్చినవాళ్ళు. నా నోట తెలుగు వినగానే తల్లి కళ్ళు తుడుచుకుంది.

"అయ్యో, మన పిల్లే! మా అమ్మమ్మ ఇలాగే మాటాడీది."

అంతే, కరిగిపోయాను. బల్లమీది కండోమ్ డబ్బాను నా చేత్తోనే డ్రాయర్లోకి తోసేశాను. మన తెలుగువాళ్ళాయె, మర్యాదస్తులాయె! మందు ముట్టొద్దు, రేజరు ఎవరికీ ఇవ్వొద్దు, జాగ్రత్తగా ఉండండి అని ఏదో గొణిగాను. ఇంజెక్షన్ల మాటెత్తితే పడక మాటా ఎత్తాలి, అందుకని వాటినీ మింగేశాను.

"జాగ్రత్తే డాక్టరమ్మా! ఆడి పళ్ళెం, గ్లాసు, అన్నీ సెపరేట్ పెట్టీసినాను. అడుగున ఎర్ర నెయిల్ పాలిష్ సుక్క కూడా ఎట్టినాను."

పళ్ళేల వల్ల ఇది రాదని నాకు తెలుసు. "మంచి పని చేశారమ్మా" అన్నాను. ఛీ, తలచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

వాళ్ళు వెళ్ళాక సిస్టర్ నన్ను ఎగాదిగా చూసింది. "పడక సంగతి చెప్పలేదేం డాక్టర్?"

"వాళ్ళకు చెప్పక్కర్లేదు, అర్థం చేసుకుంటారు."

"హావూ! పడకలు మా వాళ్ళ ఇళ్ళలోనేనా ఉండేది?"

నేను వినపడనట్టు ఫైలు తిరగేశాను. ఆ పిల్ల ఒంటరిగా దొరికితే చెబుదామనుకున్నాను. దొరకలేదు. ప్రతిసారీ అత్తగారే వచ్చేది, గారెలు తెచ్చేది. పిలిపించి చెప్పొచ్చుగా? అబ్బే, గారెలు తిన్నాను.

మూడు నెలలకు ఆ పిల్లను తీసుకొచ్చారు. కళ్ళు పసుపుపచ్చగా ఉన్నాయి, నాలుగు రోజులుగా వాంతులు. మొగుడు తలొంచుకుని నిలబడ్డాడు. అత్తగారు మాత్రం విరుచుకుపడుతోంది.

"దొంగముండ! ఆడి గ్లాసులో తాగుంటాది. సెప్తే ఇంటేనా?"

"లేదత్తా, ప్రామిస్, తాగనేదు."

అత్తగారిని బయట కూర్చోమని తలుపు వేశాను. మొగుడూ పెళ్ళాలకు అప్పుడు చెప్పాను మొత్తం పాఠం. రెండు నిమిషాలు పట్టింది. ఈ రెండు నిమిషాలకేనా నేను మూడు నెలలు తప్పించుకు తిరిగింది! చాలామందికి ఇది దానంతటదే తగ్గిపోతుందని, కొందరికి ఒంట్లో ఉండిపోతుందని, ఆమెది ఏదో తేలడానికి ఆర్నెల్లు ఆగాలని కూడా చెప్పాను.

ఆమె నా మొహంలోకే చూస్తూ వింది. "ఆ ఇంజెక్షన్ అప్పుడు లేదా డాక్టర్?"

"ఉంది."

"ఎక్కడ?"

గోడ పక్కనున్న ఫ్రిజ్ చూపించాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

ఆమె చెంగుతో మూతి తుడుచుకుని తలుపు వైపు చూసింది. "ఐతే మా అత్తకి మీరే సెప్పండి డాక్టర్. నేను ఆ గ్లాసు ముట్టనేదని."