ఏడో అంతస్తు బాల్కనీలో మేమిద్దరం

రెండేళ్ల క్రితం మావారికి విశాఖపట్నంలో ఆఫీసు మీటింగు పడితే, కొండాపూర్ నుంచి అందరం వెళ్లాం. సముద్రాన్ని ఆనుకుని ఉన్న పెద్ద హోటల్లో ఏడో అంతస్తు గది. ఆయన మీటింగుకు వెళ్లాక, ఏడాదిన్నర బాబు నిద్రపోతున్నాడు కదా అని నేనూ అత్తయ్యా బాల్కనీలోకి వచ్చి అద్దాల తలుపు జరిపి మూశాం. అత్తయ్య సముద్రం చూడడం అదే మొదటిసారి.

కాసేపటికి బాబు లేచి వచ్చి, లోపలి గడియతో ఆడుతూ నొక్కేశాడు. తలుపు ఎంత లాగినా రాలేదు. మా ఫోన్లు లోపలే ఉన్నాయి. వాడి పాల కోసం నీళ్లు మరిగించిన కెటిల్ బల్ల మీద ఉంది. వాడు నవ్వుతూ అటు నడిచి, వేలాడుతున్న దాని వైరు పట్టుకున్నాడు.

ఇద్దరం గట్టిగా కేకలు వేశాం. కింద ఈతకొలను దగ్గర మనుషులున్నా, అలల హోరులో మా కేకలు వాళ్లకు వినపడలేదు. అత్తయ్య చటుక్కున చీర విప్పడం మొదలుపెట్టారు.

"అత్తయ్యా, అందరూ చూస్తారండీ!"

"చూడనియ్యి బిడ్డా. చూస్తెనే గదా వస్తరు! నువ్వు జర పోరన్ని ఇటు మర్లించు."

లంగా, జాకెట్టుతో నిలబడి ఆమె ఎర్రచీరను కిందికి వేలాడదీసి ఊపారు. నేను ఏడుస్తూనే అద్దం మీద దరువేసి పాట పాడాను. వాడు వైరు వదిలి నా వైపు వచ్చాడు. కింద ఎవరో తలెత్తి చూశారు. పది నిమిషాల్లో హోటల్ వాళ్లు గది తెరిచారు.

నా బిడ్డ వైరు పట్టుకుని ఉండగా నేను పరువు గురించి ఆలోచించినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతుంటాను.