పత్తి కట్టె అడగడానికి గుంటూరు వెళ్ళాం

మాది వినుకొండకు తొమ్మిది కిలోమీటర్ల లోపలున్న ఊరు. నల్లరేగడి నేల, పత్తీ మిరపా తప్ప వేరే పంట తక్కువ. మా పల్లెలో ముప్పై గడప ఉంటుంది, అందరం కూలికి వెళ్ళేవాళ్ళమే. పత్తి తీసే ఆడవాళ్ళ ముఠాకు నేను మేస్త్రీని.

మా వైపు ఒక పద్ధతి ఉంది. తీతలన్నీ అయిపోయాక చేలో మిగిలిన పత్తి కట్టె ఎవరు పీకితే వాళ్ళదే. రైతుకు చేను ఖాళీ అవుతుంది, మాకు ఏడాదికి సరిపడా వంటచెరకు దొరుకుతుంది. మా అత్తగారి కాలం నుంచీ ఇంతే.

రెండేళ్ళ కిందట నూలు కంపెనీ ఒకటి మా ఊరి రైతులతో ఒప్పందం రాయించుకుంది. మందులు తగ్గించాలి. కట్టె తగలబెట్టకూడదు, బయటికి పోనివ్వకూడదు, ట్రాక్టరు మిషనుతో ముక్కలు చేసి చేలోనే కలిపెయ్యాలి. అట్లా పండించిన పత్తికి రేటు కాస్త ఎక్కువ ఇస్తారు. నిరుడు సగం చేలు మిషను కిందికి పోయాయి. మిగతా సగానికి సోమవారం మిషను వస్తుందని మేము ఎక్కువగా పనిచేసే రైతు కోటయ్యగారు చెప్పారు. ఆ సగమైనా మాకు వదలమని అడగడానికి శుక్రవారం నాడు బయల్దేరాం.

బయల్దేరాం అంటే నేనూ, మా తోటికోడలు సారమ్మా. ఆమెకు గుంటూరు కంటి ఆసుపత్రిలో కూడా పని ఉంది. కట్టె చాలక మా వాళ్ళు వాగు గట్టున సర్కారు తుమ్మ కొట్టుకొచ్చుకుంటున్నారు. నెల కిందట సారమ్మ కొడుతున్న కొమ్మ ఎగిరివచ్చి ముల్లు కుడికంట్లో దిగింది. అప్పటినుంచీ కట్టు మీదే ఉంది.

ఐదున్నరకు ఆటో ఎక్కి వినుకొండ చేరాం. ఆరుంబావుకు గుంటూరు బస్సు దొరికింది. బస్సులో ఆడవాళ్ళకు టికెట్టు డబ్బు అక్కర్లేదు కాబట్టి ఆధార్ కార్డులు చూపించాం, కండక్టరు సున్నా టికెట్లు కొట్టి ఇచ్చాడు. ఆ కార్డు మర్చిపోతే మాత్రం డబ్బు కట్టాల్సిందే, వెళ్ళేవాళ్ళు గుర్తుపెట్టుకోండి.

మా పక్క సీట్లో కనిగిరి నుంచి వచ్చిన పెద్దావిడ కూర్చుంది. వినుకొండలో చెల్లెల్ని చూసుకుని గుంటూరులో కూతురి దగ్గరికి పోతోందట. కాసేపు సారమ్మ కట్టు వైపు చూసి, కన్నేమయిందని అడిగింది. నేను ముందే అందుకుని పొలం పనిలో దెబ్బ తగిలిందన్నాను. సారమ్మ ఊరుకోలేదు.

"పొలమూ కాదు ఏమీ కాదు పిన్నీ. పొయ్యిలోకి కట్టె లేక కంప కొట్టబోయా."

"ఇంకా కట్టెల పొయ్యేనా? గ్యాసు లేదా మీకు?"

"లేకేం, బండ ఉంది. మాటిమాటికీ నింపించే డబ్బేదీ, పూల గుడ్డ కప్పి దేవుడి పటం కింద పెట్టుకున్నాం."

ముందు సీటు వాళ్ళు కూడా నవ్వారు. పెద్దావిడ మా ఇంట్లోనూ అంతేనమ్మా అంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. రోడ్డుకు రెండు వైపులా మిరప కల్లాలు, ఎర్రగా ఆరబోసిన కాయల మధ్య ఆడవాళ్ళు తాలుకాయలు ఏరుతున్నారు.

నరసరావుపేటలో పది నిమిషాలు ఆగింది. చెరో ప్లేటు ఇడ్లీ తిన్నాం. గుంటూరు ఊళ్ళోకి ఇంకా రాకముందే మిర్చి యార్డు ఘాటు బస్సులోకి కొట్టింది. అందరూ కొంగులు, తువ్వాళ్ళు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. సారమ్మ రెండు చేతులూ కట్టు మీద పెట్టుకుని తల వంచుకుంది.

తొమ్మిదింటికి ఆసుపత్రిలో చీటీ రాయించుకుంటే పదిన్నరకు పిలిచారు. డాక్టరమ్మ కట్టు విప్పి, లైటు వేసి చాలాసేపు చూసింది. ముల్లు లోపలిదాకా పోయిందనీ, ఆ కంటికి ఇక చూపు రాదనీ, రెండో కంటిని కాపాడుకోమనీ మెల్లగా చెప్పింది. సారమ్మ ఏడవలేదు. పత్తి తీయొచ్చా అని అడిగింది. తీయొచ్చంది. మిరపకాయలో అని అడిగింది. కారం చెయ్యి కంటికి తగలకుండా చూసుకోమంది. సారమ్మ తలూపి, కొత్త కట్టు కట్టించుకుని బయటికొచ్చింది.

షేరు ఆటోలో కంపెనీ ఆఫీసుకు పోయేసరికి పన్నెండు కావస్తోంది. మూడో అంతస్తు, చల్లటి గది. కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చారు. ఎదురుగా గోడ నిండా పెద్ద బొమ్మ. ఒకదానిలోకి ఒకటి దూరిన మూడు గుండ్రాలు. ఆకుపచ్చ దాంట్లో భూమి అని రాసి వానపాములున్న మట్టి, పసుపు దాంట్లో లాభం అని రాసి పత్తి బోరాలు. నీలం దాంట్లో మనుషులు అని ఉంది. దాంట్లో గ్యాసు పొయ్యి పక్కన నిలబడి ఒక ఆడమనిషి నవ్వుతోంది.

సారమ్మ ఒంటి కన్ను చికిలించి చూసింది. "అక్కా, అది నువ్వే."

నేనే. ఫోటో తీసిన సంగతి ఇంట్లో చెప్పాను గానీ, తీసేముందు ఏం అడిగారో, నేనేం చెప్పానో సారమ్మకు ఏనాడూ చెప్పలేదు.

లోపలికి పిలిచారు. ఈ ఒప్పందాలు చూసే మేడమ్ గారు మర్యాద తెలిసిన మనిషి. కట్టె సంగతి చెప్పగానే కంప్యూటరులో మా ఊరి కాగితం తీసి పైకే చదివింది. వంటచెరకు కోసం పత్తి కట్టె మీద ఆధారపడిన కుటుంబాలు లేవు. కింద నా సంతకం.

ఆ రోజు నాకు బాగా గుర్తు. ఇస్త్రీ చేసిన చుడీదార్ వేసుకుని ఒక అమ్మాయి కంపెనీ సర్వేకని కోటయ్యగారితో మా ఇంటికొచ్చింది. వెనక దొడ్లో కట్టెల పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. నేను దొడ్డి తలుపు దగ్గరగా వేశాను. బండ మీది గుడ్డ తీసి, పండక్కని దాచుకున్న గ్యాసుతో ఆ అమ్మాయికి టీ పెట్టాను. వంట దేని మీద అని అడిగింది. మేమంతా గ్యాసేనమ్మా, ఈ రోజుల్లో పొయ్యి ఊదేదెవరు అన్నాను. ఆ అమ్మాయి సంతోషించి, కాగితం మీద సంతకం పెట్టించుకుని ఫోటో తీసుకుంది.

"ఆ రోజు నేను అబద్ధం చెప్పానమ్మా," అన్నాను మేడమ్ గారితో. "మా ముప్పై గడపా కట్టె మీదే వండుకుంటాం. సిగ్గుపడి చెప్పా."

సారమ్మ నా పక్కనే ఉంది. నేనామె వైపు చూడలేదు.

మేడమ్ గారు కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. కట్టెలో మిగిలిన ఎండు కాయల్లో గులాబీ పురుగు దాక్కుంటుందనీ, ఆ కట్టె మీ ఇళ్ళ పక్కన వామి వేస్తే పురుగు మళ్ళీ పైరు మీదికే వస్తుందనీ, అప్పుడు రైతులు మందు రెట్టింపు కొడతారనీ, ఆ మందు చేలో దిగేది మీరేననీ ఓపిగ్గా చెప్పింది. అది నిజమే. మందు కొట్టిన మర్నాడు పత్తి తీసి వాంతులు చేసుకున్నవాళ్ళు నా ముఠాలోనే ఉన్నారు.

"కట్టె కావాలా, మందు తగ్గాలా, ఏది వదిలెయ్యాలో మీరే చెప్పండమ్మా," అంది.

ఆమే కోటయ్యగారికి ఫోన్ చేసి, అందరికీ వినబడేలా పెట్టింది. రెండెకరాలన్నా వదలమని అడిగాను. ఆయన గొంతు తగ్గించి మాట్లాడ్డం నేను వినడం అదే మొదలు.

"వదిలితే ఆ చేలు ఒప్పందంలోంచి తీసేస్తారంట మరియమ్మా. ఆ రేటు లేకపోతే ఈ ఏడు నేను తేలను. నువ్వు నా ఎదురుగానే గదా గ్యాసని చెప్పింది. నీ దొడ్లో పొగ నేనూ చూశా. నేనూ మాట్లాడలా."

వానలు పడ్డాక మళ్ళీ సర్వే చేయిస్తాననీ, ఈసారి ఉన్నది ఉన్నట్టు రాయిస్తాననీ, పొగ తక్కువ వచ్చే పొయ్యిలు కొన్ని ఇప్పించడానికి పైవాళ్ళను అడుగుతాననీ మేడమ్ గారు అంది. ఈ ఏటి కాగితాలు ఎప్పుడో పైకి వెళ్ళిపోయాయట. పోనీ గోడ మీద నా ఫోటో అయినా తీసెయ్యమన్నాను. అది మొత్తం ఒకే షీటుగా అచ్చయింది, ముక్క తియ్యడం కుదరదంది. మేము లిఫ్టు ఎక్కేటప్పుడు కూడా నేనక్కడ నవ్వుతూనే ఉన్నాను.

బస్టాండు దగ్గర చెరో ప్లేటు భోజనం తీసుకున్నాం. సారమ్మ పప్పన్నం రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంది. మూడున్నర బస్సులో కిటికీ సీటు నాకే వదిలి ఇవతల కూర్చుంది. ఎవరో ఒకాయన కంటికేమైందని అడిగితే ఈసారి నేనే చెప్పాను, దొడ్డి తలుపు దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా. ఆయన ఫోను తీసి చూసుకున్నాడు.

నరసరావుపేట దాటాక సారమ్మ నోరు విప్పింది.

"నన్నడిగినా నేనూ అట్టానే చెప్పేదాన్నిలే అక్కా. అంత శుభ్రంగా ఉన్న పిల్ల ముందు మాది పొగ పొయ్యి అని ఎట్టా అంటాం." బస్సు ఇంకో ఊరు దాటింది. "కానీ పోయింది నా కన్ను."



ఆ ఆఫీసులో మమ్మల్ని ఎవరూ చిన్నచూపు చూడలేదు. అడిగిందానికల్లా కారణం చెప్పారు, కారణాలన్నీ సరైనవే. ఆ మూడు గుండ్రాల్లో రెండింటికి కావలసింది దొరికింది, మూడోదాన్ని నా మాటతో నింపుకున్నారు. ఎవరైనా సర్వేకని మీ ఇంటికొస్తే టీ తర్వాత పెట్టండి, ముందు దొడ్డి తలుపు తియ్యండి.

ఆరు దాటాక వినుకొండలో దిగి మా ఊరి ఆటో ఎక్కాం. ఊరి మలుపులో చప్పుడు వినిపించింది. సోమవారం అన్న మిషను శుక్రవారమే వచ్చేసింది. కోటయ్యగారి తూర్పు చేలో సగం దాకా పని అయిపోయింది. ట్రాక్టరు వెనక కట్టె పిండిలాగా లేచి నల్లమట్టి మీద పడుతోంది. చేను మాకు కుడిచేతి వైపు ఉంది, సారమ్మ కట్టు ఉన్న వైపు. అది ఆమెకు కనబడలేదు. నన్నేమీ అడగలేదు. మెడ మొత్తం తిప్పి, మలుపు దాటిందాకా ఎడమ కంటితో చూసింది.