రాజమణి టీచర్ కుందేటి కొమ్ములు

ఈ ఉదయం వాన వెలిశాక మిద్దె మీదికి వెళ్తే చచ్చిన ఎలుక వాసన ముక్కుకు తగిలింది. నాకు సంతోషం వేసింది. కుందేటి కొమ్ములు పూశాయి. ఆకు అన్నదే లేని మొక్క అది. నాలుగు పలకల లావుపాటి కాడలు, కొసన గుత్తిగా ముదురెరుపు పూలు. మహబూబ్‌నగర్‌లో మా పక్కింటి రాజమణి టీచర్ లేకపోయుంటే నేను ఆ వాసనకు ఫినాయిల్ చల్లేదాన్ని.

ఆమె నల్గొండ వైపు మనిషి. బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. నేను ట్రెజరీలో లెక్కలు చూసి రిటైరయ్యాను. 2016 జూన్‌లో ఊరి చివరి గుట్టను ప్లాట్ల కోసం చదును చేస్తున్నారని తెలిసి నన్ను ఆటోలో తీసుకెళ్లారు. జేసీబీ అప్పటికే సగం గుట్ట తినేసింది. ఈ చుట్టుపక్కల ఆ మొక్కను ఆమె చూసింది అక్కడొక్కచోటే. "ఇది పోతే మళ్ల యాడ దేవులాడుతం సుశీలా" అంటూ పన్నెండు కాడలు తెచ్చారు. ఆమె మిద్దె మీద కుండీల్లో ఎర్రమట్టి, పశువుల ఎరువు నింపి నాటి, రెండు పూటలా నీళ్లు పోశాం. శ్రావణం రాకముందే తొమ్మిది కుళ్లిపోయాయి.

నేను ఆ లెక్కే చెప్పాను.

"పోయినయి లెక్కవెట్టినవ్, మంచిదే. ఉన్న మూడు ఎందుకున్నయో జూసినవా?"

"అదృష్టం అక్కా."

"అదృష్టాన్ని మీ ట్రెజరీల ఏ పద్దు కింద రాస్తరు?"

ఇద్దరం వెళ్లి చూశాం. ఆ మూడూ మిద్దె మీదికి వాలిన రేగుచెట్టు నీడన, పగిలిన కుండీలో ఉన్నాయి. పోసిన నీళ్లన్నీ కారిపోయేవి. మర్నాడు మళ్లీ గుట్టకు వెళ్లాం. జేసీబీ వాళ్లు దగ్గరికి రానివ్వలేదు. దూరం నుంచి చూసినా తెలిసింది: ప్రతి మొక్కా రాళ్ల సందున, ముళ్లపొద చాటునే ఉంది. "ఇన్నేండ్లు పిల్లలకు చెట్ల పాఠం చెప్పిన. ఇదెట్ల బతుకుతదో చూడకుండనే ఎరువేసిన. తప్పు నాదే" అన్నారు, ఆటో డ్రైవర్ ముందే. అంత తేలిగ్గా తప్పు ఒప్పుకున్న అధికారిని నా సర్వీసంతటిలో చూడలేదు. వారం తిరిగేసరికి గుట్ట లేదు. మిగిలినవి మా మూడే.

మరుసటి వానాకాలం అవి పూశాయి. టీచర్ ఇంట్లో కింద కిరాయికున్న యాదమ్మ ముక్కు మూసుకొని మెట్లెక్కింది.

"టీచరమ్మా, మీ మిద్దె మీద ఎలుక సచ్చినట్టుంది. కంపుకు బువ్వ వోతలేదు."

"ఎలుక గాదు, పువ్వు. ఈగల్ని పిలుస్తాంది."

"ఈగల్ని పిలిచే పువ్వు మా నెత్తిమీదనే పూయాల్నా?"

"ఈగ వాలకుంటే కాయ గాదు, ఇత్తు రాదు. జర ఓర్సుకో బిడ్డా, నాల్గు దినాలు."

యాదమ్మ గొణుక్కుంటూ దిగింది. కానీ జంటజంటగా నిక్కిన కాయలను అందరికన్నా ముందు చూసిందీ, కేకేసి మమ్మల్ని పిలిచిందీ ఆమే. ఆ కాయలు పగిలి గింజలు పింజలతో ఎగిరిపోకుండా టీచర్ పాత చీర పేలికలు చుట్టారు.

2021లో టీచర్ పోయారు. ఆమె నాకిచ్చి పోయిన పగిలిన కుండీని మా మిద్దె మీద పెట్టుకున్నాను; గింజలను ఆ మరుసటి ఏడు తొలకరికి వేరే గుట్ట మీద ముళ్లపొదల కింద చల్లాను. మిద్దె మీద పెంచడం వేరు, గుట్ట మీద దానంతటది బతకడం వేరు. ఆమె కోరుకున్నది రెండోదే. అది జరిగింది. ఈ మే నెలలో వెళ్లి చూస్తే పొదల కింద కాడలు ఎండకు ముడుచుకొని, బూడిదరంగుకు తిరిగి, బతికే ఉన్నాయి. చెయ్యి ఊరుకోలేదు, సీసా మూత తీశాను. కుళ్లిన ఆ తొమ్మిది గుర్తొచ్చి, ఆ నీళ్లు నేనే తాగి గుట్ట దిగాను.