కొళాయిలో వచ్చిన పెళ్ళి షర్బత్

ఆ రోజుల్లో (మరీ పాతకాలం కాదు లెండి, గ్రామ సచివాలయాలు కొత్తగా పెట్టినప్పటి మాట) నాకు రెండే రెండు పిచ్చులు. ఒకటి ఉద్యోగం, రెండోదీ ఉద్యోగమే. ఇంజనీరింగ్ అసిస్టెంటుగా చేరితే, అదృష్టమో ఖర్మో, పోస్టింగు మా ఊరికే వచ్చింది. ఊళ్ళో మంచినీళ్ళ కొళాయిలన్నీ నా కడుపున పుట్టినట్టే తిరిగేదాన్ని. ఇంటింటికీ వెళ్ళి ఒకటే పాట: పైపు కొస డ్రమ్ములో మునగనివ్వకండి, జానెడు పైన వేలాడనివ్వండి, ట్యాంకు నీళ్ళు ఆగిపోయినప్పుడు ఎవరైనా కొళాయికి మోటారు బిగిస్తే మీ డ్రమ్ములో ఉన్నదంతా ఊరి గొట్టంలోకి వెనక్కి లాగేసుకుంటుంది అని. మా మలికిపురం వైపు మనుషులు ఎంత మర్యాదస్తులంటే, కాదని ఒక్కరూ అనరు. "ఆయ్, అలాగేనండి" అని కుర్చీ వేసి, బొండం కొట్టి ఇచ్చి, నేను గేటు దాటగానే పైపుని మళ్ళీ డ్రమ్ము అడుక్కి తోసేసేవారు. (ఊరు బాగుపడలేదు గానీ, కొబ్బరినీళ్ళకి నా ఒళ్ళు మాత్రం నిగనిగలాడింది.)

అలాంటి నాకు ముమ్మిడివరం సంబంధం కుదిరింది. మగపెళ్ళివారికి మా వీధి చివర మేడలో విడిది ఇచ్చేం. పెళ్ళిరోజు పొద్దున్న షర్బత్ బాధ్యత మా మేనమామగారిది. పెద్ద నీలం డ్రమ్ములో గులాబీ షర్బత్ కలుపుతూ, కొళాయి నీళ్ళు కొత్త తెల్లచొక్కా మీద చిందుతున్నాయని పైపు కొస శుభ్రంగా అడుక్కి ముంచేసేరు. నా మాట మా ఇంట్లోనే చెల్లలేదన్నమాట. అంతలో ట్యాంకు ఖాళీ అయిపోయి నీళ్ళు ఆగిపోయేయి. విడిదిలో స్నానాలకి నీళ్ళు చాలక ఎవరో తిన్నగా కొళాయికే మోటారు బిగించేరు. ఇక్కడ డ్రమ్ములో షర్బత్ చూస్తుండగానే సగానికి దిగిపోయింది. పిల్లలే తాగేసేరని మావయ్య వాళ్ళని పెరడంతా తరమడం మొదలెట్టేరు.

కాసేపటికి కాబోయే అత్తగారు గులాబీరంగు నీళ్ళ సీసా ఒకటి పట్టుకుని, తమ చుట్టాలతో మా గుమ్మంలోకి వచ్చేరు. పెళ్ళికొడుకు చెంబుడు నీళ్ళు నెత్తిన పోసుకుంటే ఘుమఘుమలాడిపోయేడట, వెనకాలే చీమలు కూడా పట్టేయట. ఇంకో జిల్లావాళ్ళయితే తగువుకి వచ్చేవారు. వీళ్ళు మాత్రం ఆడపెళ్ళివారి మర్యాదలకి హద్దేముంటుంది, కొళాయిలోనే షర్బత్ పంపించి ఉంటారని ఖాయం చేసేసుకున్నారు. "మా వైపు బిందెల్లో పంపుతాం గానండి, గొట్టంలో పంపడం ఇదే చూడ్డం" అన్నారావిడ. మా నాన్నగారు ఒక్క క్షణం తెల్లబోయి, అంతలోనే సర్దుకుని, చేతులు కట్టుకుని, "ఆయ్, ఏదో మా తాహతు కొద్దీ అండి" అన్నారు. అప్పటికే వీధివీధంతా చెంబులూ సీసాలూ పట్టుకుని విడిది దగ్గర వరస కట్టేసింది.

నాకు అప్పుడు గుర్తొచ్చింది. మా ఇంటికీ విడిదికీ మధ్య రొయ్యల బాబాయిగారిల్లు. ఆయన చెరువులకి వేసే మందు గోలెంలో కలుపుతారు, ఆ గోలెంలోనూ పైపు ఎప్పుడూ మునిగే ఉంటుంది. షర్బత్ వచ్చిన దారిలో మందు మాత్రం రాదా? అక్కడ ముసలివాళ్ళూ పసిపిల్లలూ తాగేస్తున్నారు. సంగతి అమ్మతో చెప్తే, తాళి పడేదాకా నోరెత్తకు, నాన్నగారి పరువు పోతుంది, కుదిరిన పెళ్ళి చెడుతుంది అని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి విడిపించుకుని, తెల్లపట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, నెత్తిన మేలిముసుగుతో వీధిలో పరుగెత్తేను. ముందు మోటారు కట్టేసి, ఆ రంగునీళ్ళు తక్కిన వీధులకి పాకకుండా వాల్వు గుంటలోకి దిగి గట్టిగా తిప్పేసేను. ఆ గుంటలో నిలబడే, ఇది మర్యాదా కాదు పాడూ కాదు, మా మావయ్య పైపూ మీ మోటారూ చేసిన నిర్వాకం, ఎవరూ చుక్క ముట్టుకోవద్దని ఊరంతా వినిపించేలా చెప్పేసేను.

నాన్నగారు అరుగు మీద కూలబడ్డారు. అత్తగారు నెమ్మదిగా గుంట దగ్గరికి వచ్చి నన్ను ఎగాదిగా చూసేరు.

"పెళ్ళికూతురివి, ఈ ఒక్కరోజూ ఊరుకోలేకపోయావా అమ్మా?"

"మీరు తాగేస్తున్నారు కదండీ" అన్నాను. అనేసరికి ఏడుపు కూడా వచ్చేసింది.

ఆవిడ చేతిలో సీసా వంక ఒకసారి చూసుకుని, గుంట పక్కనే ఒంపేసి, వెనక్కి తిరిగి తమ వాళ్ళతో, "పారబొయ్యండర్రా. మన పిల్ల చెప్తోంది" అన్నారు.

రొయ్యల బాబాయిగారు పెళ్ళి హడావిడిలో ఆవేళ మందు కలపనేలేదట, గోలెంలో ఉన్నవి ఉత్త నీళ్ళేనట. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. మావయ్య మాత్రం షర్బత్ తరిగిపోయినందుకు నన్నే బాధ్యురాలిని చేసి, భోజనాలదాకా మాట్లాడలేదు.

ఇప్పుడు నాకు కాస్త నెమ్మది వచ్చింది. నలుగురిలో ఆలోచించి, మెత్తగా మాట్లాడతానని పేరు కూడా వచ్చింది. అయితే మా పెళ్ళి ఫోటోలో, చీర అంచంతా బురదతో, మేలిముసుగు ఒక చెవికి వేలాడుతూ, కెమెరాతో కూడా తగువు పెట్టుకునేలా చూస్తున్న పిల్ల ఒకతి ఉంది. దాన్ని చూస్తే నవ్వొస్తుంది. కాస్త అసూయగా కూడా ఉంటుంది.