సగటుకు అడ్డమొచ్చిన నిరోష

మర్రిగూడ దిక్కు ఒక ఊళ్లో ఇద్దరు సార్లున్న ప్రాథమిక పాఠశాల ఉంది. అందులో మూడో తరగతి చెప్పే ఖలీద్ సారును గొర్లకాపరులు దూరం నుంచే గుర్తుపడతారు. చలి తగ్గి మేత ఎండిపోగానే మందలు కృష్ణ ఒడ్డుకు మళ్లుతాయి. వాటి వెంట బడిపిల్లలూ మళ్లుతారు. సార్ పాత స్కూటరేసుకుని మందలను వెతుక్కుంటూ పోయి, తండ్రులను నడిరోడ్డు మీద నిలబెట్టి తిట్టి, పిల్లలను వెనక ఎక్కించుకుని వచ్చేవాడు. స్కూటరు చప్పుడు వినగానే పిల్లలను గొంగళ్ల కింద దాచిన తండ్రులున్నారు. పందొమ్మిదేళ్లుగా ఇదే వరస. ఇందుకు ఆయనకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు, ఆయనా అడగలేదు.

ఆ ఏడాది మాత్రం ఇస్తామన్నారు. ప్రయోగంగా కొన్ని బళ్లను ఎంచుకుని, మార్చిలో పెట్టే పరీక్షలో తరగతి సగటు అరవై దాటితే ఆ తరగతి సారుకు ఒక నెల జీతం బహుమానమని ఉత్తర్వు వచ్చింది. పరీక్షకు హాజరైన పిల్లల సగటే లెక్కలోకి వస్తుందని అందులో ఒక చిన్న వాక్యం ఉంది. హెడ్మాస్టర్ విజేందర్ ఉత్తర్వు మొత్తంలో ఆ ఒక్క వాక్యాన్నే రెండుసార్లు చదివాడు.

పదిహేనేళ్ల సర్వీసులో ఒక్క పిల్లవాడి ఇల్లూ తెలియని విజేందర్, ఆ వారంలో తన ఐదో తరగతిలో చదువు రాని ఆరుగురి ఇళ్లకూ స్వయంగా నడిచిపోయాడు. మంద పనికి పిల్లలు అవసరమైతే మొహమాటపడకుండా తీసుకుపొమ్మన్నాడు. బడే సెలవిస్తుందని తల్లిదండ్రులు ఎన్నడూ అనుకోలేదు. ఒకావిడ సంతోషం పట్టలేక సొరకాయ కూడా ఇచ్చింది.

నమూనా పరీక్ష పెట్టి చూస్తే ఖలీద్ తరగతిలో పదకొండు మందికి గాను పది మంది సగటు అరవై మూడు వచ్చింది. పదకొండో పిల్ల నిరోష. రెండేళ్లు మంద వెంట తిరిగి, ఈ ఏడే బడికి కుదురుగా వస్తోంది. ఆమెకు పద్నాలుగు మార్కులొచ్చాయి. ఆమెను కలిపితే సగటు అరవై కిందికి జారిపోతోంది.

"ఒక్క పిల్లనే గద ఖలీద్ భాయ్" అన్నాడు విజేందర్. "నేను ఆరుగురిని సర్దిన."

"మొన్న మొన్ననే కూడబలుక్కుని చదువుతాంది సార్."

"గందుకే చెప్తున్న. ఆమె ఒక్క లైను సదివే వరకు నీ నెల జీతం ఊరు దాటిపోతది."

ఇంట్లో భార్య అల్మాస్ బట్టలుతికే మిషన్ కోసం బాత్రూం పక్కన అప్పుడే జాగా ఖాళీ చేసింది. ఖలీద్ రెండు రోజులు అటూ ఇటూ ఆలోచించాడు. పరీక్షకు ముందురోజు సాయంత్రం నిరోష తండ్రి గోపయ్య ఇంటికి స్కూటరు తిప్పాడు. పందొమ్మిదేళ్లలో ఒక పిల్లను బడి మాన్పించడానికి పోవడం అదే మొదలు.

గోపయ్య దొడ్డి ముందు గొర్లకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాపుతున్నాడు. పక్కన నిరోష పశువుల దవాఖానలో రాసిచ్చిన చీటీ పట్టుకుని నిలబడింది.

"పె...ద్ద... గొ...ర్రె...కు..."

గోపయ్య ఒక చేత్తో గొర్రె దవడ విప్పి పట్టుకుని, ఇంకో చేత్తో మందు సీసా ఎత్తి పెట్టి, బిడ్డ నోటివంక చూస్తున్నాడు. గొర్రె కూడా అటే చూస్తోంది.

"అది సదివేదాంక గొర్రె నోరు మూయనియ్య సార్" అన్నాడు గోపయ్య. "పోయినేడు అందాజగ తాపితే రెండు సచ్చినయి. కూసోండ్రి."

ఖలీద్ కూర్చోలేదు. "రేపు మందకు మనిషి తక్కువైతదేమో, పిల్ల అవసరముంటదేమో అని..."

"ఎందుకుంటది? పోయినేడు మాల్ ఊరికి పోయే రోడ్డు మీద అందరి ముంగట నా ఇజ్జత్ తీస్తిరి. బిడ్డ బతుకు గొర్లకు మేపుతున్నవా అంటిరి. నాకు దినాం అదే యాదికొచ్చె. రెండు పొట్టేళ్లమ్మి జీతగాన్ని పెట్టిన. ఇగ పిల్ల గొర్ల ఎంబడి పోదు. మీరు ఫికర్ చేయకుండ్రి."

"...ప...ది... ఎం...ఎల్" అని ముగించింది నిరోష. గొర్రె గొంతులోకి మందు దిగింది.

"ఏం లేదు" అన్నాడు ఖలీద్. "రేపు పరీక్ష. జల్ది పంపు. రెండు పెన్నులు పెట్టియ్యి."

మరునాడు నిరోష అందరికంటే ముందే వచ్చి, అందరికంటే చివర లేచింది. పందొమ్మిది మార్కులు తెచ్చుకుంది. మిగతా పది మంది సగటు అనుకున్నట్టే అరవై మూడు. మొత్తం సగటు యాభై తొమ్మిది. ఇరవై ఇద్దరిలో పదహారు మంది హాజరైన విజేందర్ తరగతికి డెబ్బై ఒకటి వచ్చింది. ఆయనకు శాలువా కప్పి, నెల జీతంతో పాటు తల్లిదండ్రుల సహకారం సాధించినందుకు ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు.

లక్ష్యం చేరని సార్లు కారణం చెప్పాలన్నారు. ఖలీద్ మండల ఆఫీసుకు పోయాడు. కంప్యూటర్ ముందు కూర్చున్న పరశురాం తెర మీది కారణాలు చదివి వినిపించాడు. పిల్లల గైర్హాజరు, కుటుంబ వలస, తల్లిదండ్రుల నిరాసక్తత, ఉపాధ్యాయుని నిర్లక్ష్యం.

"పిల్లలంతా వచ్చిన్రు అని ఉన్నదా?"

"అది కారణమెట్లయితది సార్? ఉన్నవాట్లనే ఒకటి నొక్కాలె. లేకుంటే ముంగటికి పోదు."

ఖలీద్ ఆ నాలుగింటినీ ఇంకోసారి చదివించుకున్నాడు. ఏది నొక్కినా ఎవరో ఒకరి పేరు మీదికి పోతుంది. మొదటి మూడూ తిన్నగా గోపయ్య గడపలోకే పోతాయి.

"నాలుగోది నొక్కు."

పరశురాం చెయ్యి ఆగింది. "అది నొక్కితే మెమో వస్తది సార్. సంజాయిషీ రాసుకోవాలె."

"రాస్త తియ్యి. జర జల్ది నొక్కు, బడిల రెండో పీరియడు నాదే."