తలకిందులైన తమిళ పేజీ

ఆత్మకూరులో ఉదయగిరి బస్సెక్కితే, నా పక్కన కూర్చున్న పెద్దమనిషి ఒళ్ళో పుస్తకాల కట్ట కనిపించింది. ఆయన ఆత్మకూరు తమిళుల సాంస్కృతిక సంఘానికి కార్యదర్శట. తాతల కాలంలో వలస వచ్చిన కుటుంబాలవి. సంఘం చరిత్రను అచ్చువేయించి, ఆ సాయంత్రం ఉదయగిరిలో ఆవిష్కరణకు తీసుకుపోతున్నాడు.

ఒక ప్రతి నా చేతిలో పెట్టాడు. అధ్యక్షులు శాలువాలు కప్పించుకున్న ఫోటోలు పోను మిగిలిన చోట, మాతృభాషను కాపాడుకోవడానికి సంఘం పడ్డ పాట్లన్నీ చక్కటి తెలుగులో ఉన్నాయి. మధ్యలో ఒకే ఒక్క తమిళ పేజీ. దాన్ని తలకిందులుగా కుట్టేశారు.

"ఈ పేజీ తిరగబడింది" అన్నాను.

ఆయన పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అవునా సార్? కమిటీ అంతా మూడుసార్లు చూసినామే! శానా బాగుండాదని మెచ్చుకున్నాం కూడా."

"మీలో తమిళం చదివేవాళ్ళు లేరా?"

"మా అవ్వ ఉండాది. ఆమెకు కండ్లు కనపడవు." గొంతు తగ్గించాడు. "ఉదయగిరిలో ఎవురికీ చెప్పబాకండి సార్. మీరు చెప్తే తప్ప తెలిసేది లేదు. అయినా మీకు తమిళం ఎట్లా వచ్చు?"

నాది చెన్నై అనీ, అక్కడి తెలుగు సంఘానికి అధ్యక్షుణ్ణనీ నవ్వాపుకుంటూ చెప్పాను.

ఇంటికి చేరాక, మా సంఘం తెలుగు సంచికను పదో తరగతి చదివే మా అమ్మాయికిచ్చి చదవమన్నాను. పుస్తకాన్ని సరిగ్గానే పట్టుకుంది. అట్ట మీద నా ఫోటో ఉంది కాబట్టి.