ఊరంతా ఫోన్లు ఆపుకున్న పూట

ఇంటర్నెట్ వ్యవహారాల్లో మన దేశం ఇప్పుడు పెద్ద గొంతుతోనే మాట్లాడుతోంది. నెట్‌ను నడిపే నియమాలు నాలుగు కంపెనీలూ రెండు ధనిక దేశాలూ రాసుకుంటే ఎలా, నెట్ మీద జనానికి డబ్బు అందించడానికి మేం కట్టుకున్న పద్ధతి మీకూ పనికొస్తుంది రండి అని మిగతా దేశాలను కలుపుకుంటోంది. అలా పిలుపందుకున్న ఒక తూర్పు ఆఫ్రికా దేశం నుంచి గ్రేస్ అనే అధికారిణి వచ్చారు. ఆ పద్ధతిని కళ్ళతో చూశాకే మన దేశానికి మద్దతు సంగతి చెబుతామన్నారు. నాది గిద్దలూరు, చేసేది ఒకరి మాట ఇంకొకరికి వాళ్ళ భాషలో చెప్పే దుబాసీ పని. అందుకని ఆమె వెంట నన్ను పంపారు.

పొద్దున్నే గుంటూరులో నంద్యాల వైపు రైలెక్కాం. సీట్లకు ఇబ్బంది లేదు గానీ కిటికీ పక్కన కావాలంటే ముందే రావాలి. మంచినీళ్ళు మాత్రం పట్టుకెళ్ళండి, వినుకొండ దాటాక ఎండ ఊరుకోదు. ఎదురుగా కూర్చున్న మార్కాపురం పలకల వ్యాపారి కాసేపు ఓపిక పట్టి, ఇక ఆగలేక అడిగాడు.

"యాడికి పోతున్నారు సార్?"

"బేస్తవారిపేట దగ్గర పల్లెకు. అక్కడ ఇంటర్నెట్ ఎలా పనిచేస్తోందో ఈవిడ చూడాలట."

"ఆయమ్మ అంత దూరం నుంచి దానికోసరం వచ్చిందా? నన్నడిగుంటే ఫోన్లోనే చెప్పేవాణ్ణి గదా," అన్నాడు. కొంచెం ఆగి, "సిగ్నలుంటే," అని కలిపాడు.

కంభంలో దిగేసరికి పదకొండు దాటింది. మాకు తోడుగా వేసిన అధికారి జీపుతో సిద్ధంగా ఉన్నాడు. పల్లె చేరేసరికి అక్కడ పింఛన్లు పంచుతున్నారు. పంచాయతీ ఆఫీసు అరుగు మీద ఒకమ్మాయి ఫోనూ వేలిముద్ర మిషనూ పెట్టుకుని కూర్చుంది. ముసలివాళ్ళు వేలు పెట్టడం, డబ్బు చేతికి రావడం చిటికెలో అయిపోతున్నాయి. మా దగ్గర దీనికి పూటంతా పడుతుందని గ్రేస్ గారు ఫోటోలు తీసుకున్నారు. మా ప్రాంతం కదా, నాకూ ఛాతీ పొంగింది.

అప్పుడే పింఛను అందుకున్న వెంకటమ్మ అనే పెద్దావిడ డబ్బు కొంగున ముడేసుకుని వచ్చి గ్రేస్ గారి చెయ్యి పట్టుకుంది.

"బాగా పనిచేసింది గదా తల్లీ? నువ్వొస్తున్నావని తెల్లారినప్పట్నించి ఊరంతా ఫోన్లు ఆపుకున్నాం. అందరివీ ఆడుతుంటే సిగ్నలు చాలక ఆ మిషను తిరగతానే ఉంటది."

చుట్టాలొస్తున్నారని వాకిలి ఊడ్చామన్నంత మామూలుగా చెప్పింది. ఏమంటోందని గ్రేస్ గారు నన్నడిగారు. అధికారి గొంతు తగ్గించి, "దీవించిందని చెప్పండి సార్, చాలు," అన్నాడు.

చెబితే సొంత గడ్డ మీద, పరాయి మనిషి ముందు దేశం పరువు తీసినవాణ్ణవుతాను. చెప్పకపోతే నా మాట నమ్ముకుని ఆమె దేశంలో ముసలివాళ్ళు ఇలాంటి మిషన్ల ముందు నిలబడతారు. వెంకటమ్మ అన్నది అన్నట్టే చెప్పేశాను. అధికారి మొహం తిప్పుకున్నాడు.

గ్రేస్ గారు అందరినీ ఫోన్లు ఆన్ చేసుకోమన్నారు.

"ఇప్పుడెందుకులేమ్మా, నీకు రైలుకు టైమవతది," అన్నారు జనం. ఆమె వినలేదు. ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. వరసలో ఉన్న తాత వేలు పెట్టాడు. మిషను తిరగడం మొదలుపెట్టింది. ఆమె కెమెరా సంచిలో పెట్టేసి ఆయన పక్కనే అరుగు మీద కూర్చున్నారు. వెంకటమ్మ మజ్జిగ తెచ్చింది. తప్పంతా తమదే అయినట్టు ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఏమనుకోవద్దన్నారు. తాత డబ్బు అందుకునేసరికి మా తిరుగు రైలు కంభం దాటిపోయింది.

బేస్తవారిపేటలో ఒంగోలు బస్సు పట్టుకున్నాం. పొదిలి దాటాక ఉండబట్టలేక నేనే అడిగాను, ఇక మాకు మద్దతు లేనట్టేనా అని.

"ఇస్తాం. నియమాలు రాసేచోట మీరూ ఉండాలి, మేమూ ఉండాలి," అన్నారామె. "కానీ మా ఊళ్ళు దీనికంటే పెద్దవి. అక్కడ ఎవరెవరిని ఫోన్లు ఆపుకోమనాలి?"

ఆ ఊరి మర్యాద తలుచుకుంటే గర్వంగానే ఉంది. లోకానికి చూపించుకుంటున్న మన పద్ధతి ఆ పూట ఆ మర్యాద మీదే నడిచిందని తలుచుకుంటే సిగ్గేసింది.